రోడ్డంచున ఆ రెండు మీటర్లు

రోజుకు గంటసేపు తిరిగే కారు మిగిలిన 23 గంటలూ ఎక్కడో ఒకచోట ఆగే ఉంటుంది. ఇంట్లో జాగా లేనివాళ్లకు ఆ చోటు వీధే. ఒక్కో కారు నిలపడానికి దాదాపు 2 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల పొడవు కావాలి. 100 మీటర్ల వీధిలో ఒక పక్కన వరసగా పెడితే పదహారు కార్లు పడతాయి. అందుకు పోయే జాగా 200 చదరపు మీటర్లు. ఆ 2 మీటర్ల వెడల్పే మంచి సైకిల్ బాటకూ సరిపోతుంది. ఇళ్లున్న వీధుల్లో పార్కింగ్ తీసి సైకిల్ బాట వేయాలా అని ఎన్నో నగరాల్లో నడుస్తున్న తగాదా అంతా ఈ రెండు మీటర్ల గురించే.

తలుపు తెచ్చే ప్రమాదం

ఆగి ఉన్న కారు ఎవరినీ ఏమీ చేయదనుకుంటాం. కానీ దాని తలుపు తెరిస్తే దాదాపు మీటరు మేర రోడ్డు మీదికి వస్తుంది. సైకిల్ గంటకు 18 కిలోమీటర్ల వేగంతో పోతుంటే సెకనుకు 5 మీటర్లు కదులుతుంది. ప్రమాదాన్ని గమనించి బ్రేకు నొక్కడానికే మనిషికి సుమారు సెకను పడుతుంది. కాబట్టి 4 మీటర్ల ముందు తలుపు తెరుచుకుంటే బ్రేకు పడేలోపే గుద్దుకుంటాం. పక్కకు తప్పుకుంటే వెనక వచ్చే వాహనానికి అడ్డం పడతాం. అందుకే నిలిపిన కార్లను ఆనుకుని తెల్లగీత గీసినంత మాత్రాన అది సైకిల్ బాట కాదు. ఆ గీత తలుపు తెరుచుకునే మేరలోనే పడుతుంది.

రెండో చిక్కు చూపుకు సంబంధించింది. మలుపులో నిలిపిన కారు చాటు నుంచి వచ్చే పిల్లవాడు డ్రైవరుకు చివరి క్షణం దాకా కనిపించడు. అమెరికాలోని హోబోకెన్ పట్టణం కూడళ్ల దగ్గర పార్కింగ్ తీసేసి, ఇతర మార్పులు కూడా చేసింది. 2017 తర్వాత ఏళ్ల తరబడి అక్కడ రోడ్డు ప్రమాదాల్లో ఎవరూ చనిపోలేదు.

ఆమ్‌స్టర్‌డామ్ దారి

నెదర్లాండ్స్‌లో 1971లో రోడ్డు ప్రమాదాలకు 3,000 మందికి పైగా బలయ్యారు. వాళ్లలో 400 మందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు రోడ్లెక్కి ఉద్యమించారు. ఆ ఒత్తిడికి 1973 చమురు సంక్షోభం తోడై, ప్రభుత్వం సైకిల్ బాటల వైపు మళ్లింది.

2019లో ఆమ్‌స్టర్‌డామ్ నగరం 2025 చివరికల్లా వీధుల్లో 11,200 పార్కింగ్ స్థలాలు తగ్గిస్తానని ప్రకటించింది. ఇప్పటికే ఉన్నవాళ్ల పార్కింగ్ పర్మిట్లు లాక్కోవడం ఉద్దేశం కాదు. ఇల్లు మారినవాళ్లు, కారు వదిలేసినవాళ్లు తిరిగిచ్చిన పర్మిట్లను కొత్తవాళ్లకు ఇవ్వకుండా, ఏటా 1,500 చొప్పున తగ్గించాలన్నది పథకం. డి పైప్ పేటలో కాలువ అడుగున దాదాపు 600 కార్లు పట్టే గ్యారేజీని 2018లో తెరిచారు. తర్వాత ఆ చుట్టుపక్కల వీధుల్లో కార్ల జాగాలు తీసి, మొక్కలకూ సైకిల్ స్టాండ్లకూ ఇచ్చారు. ముందు ప్రత్యామ్నాయం చూపి, ఆ తర్వాత జాగా తీసుకోవడం ఇక్కడ నేర్చుకోవాల్సిన పద్ధతి.

ప్రతి వీధికీ విడిగా సైకిల్ బాట అక్కర్లేదు. వాహనం గతిజశక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అంటే 30 కిలోమీటర్ల వేగంతో పోలిస్తే 50 దగ్గర దెబ్బ శక్తి దాదాపు 2.8 రెట్లు. కార్లు తక్కువగా, నెమ్మదిగా తిరిగే సందుల్లో అందరూ కలిసి వెళ్లవచ్చు. వేగం పెరిగే దారుల్లోనే సైకిలును వేరు చేయాలి. 2023 డిసెంబరు నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌లో చాలా వీధుల్లో వేగపరిమితి 30 కిలోమీటర్లే.

అభ్యంతరాల మాట

పార్కింగ్ పోతే వృద్ధులు, దివ్యాంగులు, సరుకు దించే బండ్లవాళ్లు ఇబ్బంది పడతారన్నది న్యాయమైన మాటే. వాళ్లకోసం కొన్ని జాగాలు కచ్చితంగా ఉంచాలి. పార్కింగును పూర్తిగా తీయనక్కర్లేని చోట్లూ ఉన్నాయి. న్యూయార్క్ 2007లో నైన్త్ అవెన్యూలో కార్ల వరసను రోడ్డు వైపుకు జరిపి, ఫుట్‌పాత్‌కూ కార్లకూ మధ్య సైకిల్ బాట వేసింది. తలుపులు తెరుచుకోవడానికి నడుమ కొంత ఖాళీ వదిలింది. ఇక వ్యాపారం దెబ్బతింటుందన్న భయం సంగతి. టొరంటోలో బ్లూర్ వీధిలో 2016లో పార్కింగ్ కొంత తగ్గించి సైకిల్ బాట వేశాక అధ్యయనం చేస్తే, కొనుగోలుదారుల రాకా వాళ్ల ఖర్చూ పెరిగాయని తేలింది.

హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సౌర ఫలకాల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023లో వచ్చింది. వ్యాయామానికి అది మంచిదే. కానీ బడికీ అంగడికీ పోవాల్సిన పిల్లలకు కావలసింది ఇంటి ముందు నుంచి సాగే భద్రమైన దారి. కాలనీ సంఘాలు పార్కింగును ఒక పక్కకే పరిమితం చేసి, మలుపులను ఖాళీగా ఉంచితే ఆ పని మొదలైనట్టే. ఈలోగా కారున్న ప్రతి ఒక్కరూ ఈ రోజు నుంచే చేయగలిగింది ఒకటుంది. డ్రైవరు సీట్లోంచి దిగేటప్పుడు తలుపును ఎడమ చేత్తో తెరవండి. ఒళ్లు దానంతటదే తిరుగుతుంది, వెనక వచ్చే సైకిల్ కంటపడుతుంది. బ్రిటన్ తన రహదారి నియమావళిలో 2022లో ఇదే పద్ధతిని చేర్చింది.