వార్తల్లో పదం: గేమింగ్ డిజార్డర్
ఫోన్‌లో ఆటకు అతుక్కుపోయిన పిల్లలందరినీ వ్యసనపరులనడం తొందరపాటు. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ ఐసీడీ-11లో గేమింగ్ డిజార్డర్‌కు చోటుంది గానీ, గంటల లెక్క మాత్రం లేదు. ఆటపై అదుపు తప్పడం, మిగతా పనులన్నీ దాని తర్వాతే కావడం, నష్టం కనిపిస్తున్నా మానలేకపోవడం. ఈ మూడూ కలిసి చదువునో కొలువునో కుటుంబాన్నో దెబ్బతీస్తూ సాధారణంగా 12 నెలలు సాగితేనే జబ్బు. అలాగని ఇదంతా కల్పితమూ కాదు. ఢిల్లీ ఎయిమ్స్‌లో ప్రవర్తనా వ్యసనాల క్లినిక్ 2016లోనే మొదలైంది.

నలుగురూ కలిసి ఆడే రోల్ ప్లేయింగ్ గేముల్లో కట్టిపడేసేదీ, కలిపి ఉంచేదీ జట్టే. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో అత్యంత కఠిన స్థాయి రెయిడ్‌కు, అంటే జట్టు దాడికి, ఇరవై మంది ఒకే వేళకు చేరాలి. గాయాలు మాన్పే హీలర్ రాకపోతే అందరి రాత్రీ వృథా. నోయిడాలో అద్దెగదిలో ఒంటరిగా ఉండే ఉద్యోగికి ఆ పిలుపు తోడు కావచ్చు, నిద్ర చంపుకొని చేసే డ్యూటీ కూడా కావచ్చు. ముఖం చూడని స్నేహం స్నేహమేనా అంటారు. కానీ కండరాల క్షీణతతో 2014లో చనిపోయిన నార్వే యువకుడు మాట్స్ స్టీన్ అంత్యక్రియలకు ఆటలోని మిత్రులు వేరే దేశాల నుంచి తరలివచ్చారు. కాబట్టి ఎయిమ్స్ దాకా వెళ్లే తల్లిదండ్రులు పిల్లాడు ఎన్ని గంటలు ఆడుతున్నాడన్నదే కాదు, ఎవరితో ఆడుతున్నాడో, ఆట కోసం ఏం వదిలేశాడో కూడా డాక్టరుకు చెప్పాలి.