బూటులో దొరికిన వజ్రం

వజ్రాన్ని పేపర్ వెయిట్‌గా వాడిన నిజాం కథ మీరు వినే ఉంటారు. ఆయన ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్. అయితే ఆ వజ్రం ఆయన కొన్నది కాదు. తండ్రి పోయాక చౌమహల్లా ప్యాలెస్‌లో, తండ్రిగారి పాత బూటు ముందుభాగంలో దొరికిందట! దాదాపు 185 క్యారెట్ల జాకబ్ డైమండ్‌ని బూటులో కుక్కి వదిలేసిన ఆ తండ్రి ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్.

1869లో గద్దెనెక్కేనాటికి ఆయనకు మూడేళ్లు కూడా నిండలేదు. పాలనంతా సాలార్‌జంగ్ చేతుల్లోనే. 1884లో వైస్రాయ్ రిప్పన్ స్వయంగా హైదరాబాద్ వచ్చి అధికారం అప్పగించాడు. పేరుకే అప్పగింత. బ్రిటిష్ రెసిడెంట్ కన్ను ఖజానా మీదే ఉండేది.

అది 1891లో బాగా తెలిసొచ్చింది. సిమ్లా నగల వ్యాపారి జాకబ్ ఈ వజ్రం తెస్తానన్నాడు. బేరం 46 లక్షలు. అప్పట్లో లక్ష అంటేనే గుండె గుభేల్! సగం సొమ్ము ముందే కట్టేశారు. అప్పుల్లో ఉన్న సంస్థానానికి ఇంత ఖర్చేంటని రెసిడెన్సీ అడ్డుపడింది. నిజాం వెనక్కి తగ్గి డబ్బు అడిగితే జాకబ్ ఇవ్వలేదు. కేసు కలకత్తా హైకోర్టుకెక్కింది. దేశంలోకెల్లా పెద్ద సంస్థానాధీశుడు, విచారణ కమిషన్ ముందు సాక్ష్యం చెప్పాల్సి వచ్చింది. జాకబ్ నిర్దోషిగా బయటపడ్డాడు. వ్యాపారం మాత్రం కోలుకోలేదు. వజ్రం చివరికి నిజాం దగ్గరికే చేరింది. దాన్ని చూసినప్పుడల్లా ఆ అవమానమే గుర్తొచ్చి ఉంటుంది. బూటులోకి వెళ్లడానికి అంతకన్నా కారణం కావాలా?

ఆయనేం పొదుపరి కాదు లెండి. పురానీ హవేలీలో రెండంతస్తుల వార్డ్‌రోబ్ ఇప్పటికీ ఉంది, వెళ్లి చూడొచ్చు. వేసిన బట్ట మళ్లీ వేసేవారు కాదంటారు. అయినా జనానికి ఆయనంటే ప్రాణం. పాము కరిస్తే మహబూబ్ పాషా పేరు తలచుకుంటే చాలు, విషం దిగిపోతుందని నమ్మేవారు.

1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగింది. వేలమంది కొట్టుకుపోయారు. నిజాం తన హవేలీ తలుపులు బాధితుల కోసం తెరిచారు. పండితులు చెప్పారని ధోవతి కట్టి, నదికి హారతిచ్చారని పాతబస్తీలో నేటికీ చెప్పుకుంటారు. మళ్లీ ఇలా జరక్కూడదని మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆ సలహాతోనే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. కానీ అవి కట్టింది కొడుకు హయాంలో. మహబూబ్ 1911లో, 45 ఏళ్లకే ఫలక్‌నుమాలో కన్నుమూశారు.

వజ్రం ఇప్పుడు రిజర్వ్ బ్యాంక్ లాకర్‌లో ఉంది. 1995లో నిజాం నగలన్నిటినీ కలిపి కేంద్రం 218 కోట్లకు కొంది. వరద రాత్రి కొమ్మలు పట్టుకుని దాదాపు 150 మంది బతికిన చింతచెట్టు మాత్రం ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోనే ఉంది. దాన్ని చూడ్డానికి టికెట్ అక్కర్లేదు.