రోహిణి ఎండ నుంచి ఆరుద్ర వాన దాకా

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌కు ఒక అంచున, సీపత్ వైపు సాగే దారిలో ఉన్న మోప్కా ఒకప్పుడు వరిపొలాల నడుమ ఉన్న గ్రామం. నగరం పెరిగి దాన్ని తనలో కలుపుకున్నా, పొలాలు, చెరువులు ఇంకా దానికి పూర్తిగా దూరం కాలేదు. ఈ ప్రాంతానికి తెలుగువారిని తెచ్చింది రైలే. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ నాగపూర్ నుంచి బిలాస్‌పూర్ మీదుగా అసన్‌సోల్ వరకు 1891లో మార్గాన్ని పూర్తి చేసింది. తరువాత వాల్తేరు, విజయనగరాలు కూడా ఆ కంపెనీ పరిధిలోకే వచ్చాయి. 1931లో రాయపూర్–విజయనగరం మార్గం తెరుచుకోవడంతో ఉత్తరాంధ్ర పల్లెలకు, ఛత్తీస్‌గఢ్ మైదానానికి నేరుగా దారి పడింది. గ్యాంగుల్లో, లోకోషెడ్లలో, యార్డుల్లో పనికి వచ్చిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కుటుంబాలు తరాలు గడిచినా ఇక్కడే నిలిచిపోయాయి. నేడు ఆగ్నేయ మధ్య రైల్వేకు బిలాస్‌పూరే ప్రధాన కేంద్రం. సముద్రపు గాలికి అలవాటుపడి వచ్చిన ఆ కుటుంబాలు నడినేల ఎండను ఎలా తట్టుకుంటూ వచ్చాయో, ఆ తట్టుకునే ఏర్పాట్లే తొలకరి తరువాత ఏ ముప్పును తెచ్చిపెడుతున్నాయో పరిశీలించడం అవసరం.

వేసవిలో అత్యంత తీవ్రమైన తొమ్మిది రోజులను స్థానికులు నౌతపా అంటారు. సూర్యుడు రోహిణీ నక్షత్రంలో ప్రవేశించే మే 25 ప్రాంతంలో అది మొదలవుతుంది కనుక, రోళ్లు పగిలే ఎండలని తెలుగువారు చెప్పుకొనే రోహిణి కార్తె కూడా అప్పుడే వస్తుంది. ఈ లెక్క వెనుక ఖగోళ కారణం ఉంది. బిలాస్‌పూర్ ఇంచుమించు 22 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నందున, ఏటా జూన్ మొదటి రోజుల్లో, అంటే నౌతపా ముగిసే వేళకు, మధ్యాహ్న సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. విశాఖపట్నంలో ఆ స్థితి మే రెండో వారంలోనే దాటిపోతుంది. పైగా అక్కడ మధ్యాహ్నానికి సముద్రం నుంచి గాలి తిరుగుతుంది. బిలాస్‌పూర్‌కు ఆ ఊరట లేదు. అర్పా నది వేసవిలో చాలావరకు ఇసుక మేటగా మారిపోతుంది, నైరుతి రుతుపవనాలు జూన్ మధ్య వరకు రావు, ఈలోగా పడమటి నుంచి లూ అనే పొడి వడగాలి వీస్తుంది. 2017 మే నెలలో ఇక్కడి ఉష్ణోగ్రత 49 డిగ్రీలు దాటినట్టు నమోదైంది. మైదాన ప్రాంతాల్లో గరిష్ఠ ఉష్ణోగ్రత 40 డిగ్రీలు చేరి, అది సాధారణం కన్నా 4.5 డిగ్రీలు ఎక్కువగా ఉన్నప్పుడు, లేదా సాధారణంతో నిమిత్తం లేకుండా 45 డిగ్రీలు తాకినప్పుడు, భారత వాతావరణ శాఖ దాన్ని వడగాడ్పుగా పరిగణిస్తుంది.

కోస్తా ఉక్కపోతకు, ఈ పొడి ఎండకు మధ్య శరీరానికి తెలియవలసిన తేడా ఒకటుంది. తేమగాలిలో చెమట ఆరదు. చొక్కా ఒంటికి అతుక్కుంటుంది, దాహం, నీరసం త్వరగా తెలిసివస్తాయి. పొడిగాలిలో చెమట పుట్టిన చోటే ఆవిరై, ఆ ఆవిరితో పాటు శరీరపు వేడిని తీసుకుపోతుంది కనుక మనిషికి తాను చెమటోడుస్తున్న సంగతే తెలియదు. చర్మం పొడిగానే ఉంటుంది, కణతల దగ్గర సన్నని ఉప్పు పొర మాత్రం మిగులుతుంది. నీరు, ఉప్పు రెండూ తరిగిపోయి, ఒంటి వేడి 40 డిగ్రీలు దాటి, మాట తడబడటమో స్పృహ తప్పడమో జరిగితే అది వడదెబ్బ. అప్పుడు మనిషిని నీడకు చేర్చి, ఒళ్లంతా నీళ్లతో తడిపి విసురుతూ ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు. దాహం వేసినప్పుడే తాగుదామనే కోస్తా అలవాటు ఈ నేల మీద చాలదు.

ఎండ ప్రభావం మనుషుల మీదే కాదు, వారు కాపాడే పట్టాల మీద కూడా పడుతుంది. ఉక్కు పట్టా వేడికి సాగుతుంది. ఉష్ణోగ్రత 40 డిగ్రీలు పెరిగితే, స్వేచ్ఛగా వదిలిన కిలోమీటరు పొడవు పట్టా 46 సెంటీమీటర్ల మేర పెరుగుతుంది. ఇప్పటి మార్గాల్లో పట్టాలను పొడవుగా వెల్డింగు చేసి, స్లీపర్లతో, కంకరతో బిగించి ఉంచుతారు కనుక ఆ సాగుదల బయటికి రాలేక లోపల ఒత్తిడిగా పేరుకుంటుంది. కంకర పలచబడిన చోట ఆ ఒత్తిడి పట్టాను పక్కకు వంచేస్తుంది. ఎండలో పట్టా వేడి గాలి వేడి కన్నా ఇరవై డిగ్రీల దాకా ఎక్కువగా ఉండగలదు. అందువల్ల, ఊరంతా తలుపులు మూసుకునే మధ్యాహ్నం వేళనే వేసవి గస్తీ అవసరమవుతుంది. ఒకప్పుడు పట్టాను పట్టి ఉంచే కీ అనే ఇనుప చీలలను బిగించే పని చేసినందువల్ల కీమాన్ అనే పేరు వచ్చిన ఉద్యోగి, భుజాన సుత్తి, చేతిలో ఎర్రజెండాతో తన పరిధిలోని పట్టాలను అడుగడుగునా చూసుకుంటూ నడుస్తాడు. బూటు అడుగున కంకర కాలుతుంటుంది, ఇనుప పనిముట్టును ఒట్టి చేత్తో పట్టుకోవడమే కష్టం. రైల్వే కుటుంబాల్లో వేసవి తిండి, నిద్ర, నీళ్లబిందె అన్నీ ఈ నడక చుట్టూనే అమరాయి.

ఆ తిండిలో ఉత్తరాంధ్ర, ఛత్తీస్‌గఢ్ ఇట్టే కలిసిపోయాయి. గంజి, అన్నం కుండలో పులియబెట్టి తీసే తరవాణి, చోళ్ల పిండితో కాచే అంబలి తెలుగు ఇళ్ల నుంచి వచ్చినవైతే, అన్నాన్ని అప్పటికప్పుడు నీళ్లలో వేసి తినే బోరే, రాత్రంతా నానబెట్టి ఉల్లిపాయ, పచ్చిమిర్చి, ఉప్పుతో తినే బాసీ ఈ నేలవి. చద్దన్నంతో పెరిగిన వారికి బాసీ కొత్త కాలేదు. 2022 మే 1న, కార్మిక దినోత్సవం నాడు, బోరే బాసీ తినమని రాష్ట్ర ప్రభుత్వం ప్రజలకు పిలుపునిచ్చింది. కూలిజనం తిండిగా చిన్నచూపు పొందిన పదార్థానికి దక్కిన ఆ గౌరవం న్యాయమైనదే. చెమటతో పోయే ఉప్పును ఒట్టి నీళ్లు తిరిగి ఇవ్వలేవు. నీరు, ఉప్పు, పిండిపదార్థం మూడింటినీ ఈ నానిన అన్నం ఒకేసారి అందిస్తుంది.

ఇంటి లోపలి రక్షణ కూలరు. రేకు పెట్టెకు మూడు వైపులా చెక్క తురుము లేదా వట్టివేళ్లు కూర్చిన తడకలు, అడుగున నీళ్ల తొట్టి, ఆ నీళ్లను పైకెత్తి తడకల మీద చిలకరించే చిన్న పంపు, ముందు వైపు ఫ్యాను: ఇంతే దాని నిర్మాణం. బయటి పొడిగాలి తడకల గుండా వచ్చేటప్పుడు నీరు ఆవిరవుతూ ఆ గాలిలోని వేడిని పీల్చుకుంటుంది. గాలి బాగా పొడిగా ఉన్న మే మధ్యాహ్నం అది పది పదిహేను డిగ్రీల చల్లదనం ఇవ్వగలదు. చెమట ఒంటికి చేసే మేలునే ఈ యంత్రం గదికి చేస్తుంది, ఆ మేలుకు ఉన్న హద్దు కూడా అదే. మృగశిర కార్తె దాటి, ఆరుద్రలో వానలు నిలదొక్కుకుని గాలి తేమతో నిండాక నీరు ఆవిరి కాదు, కూలరు విసిరేది ఉక్కపోతే. అప్పుడు చాలా ఇళ్లలో స్విచ్ ఆపేస్తారు. తొట్టిలోని నీళ్లను మాత్రం ఎవరూ తలచుకోరు.

ముప్పు మొదలయ్యేది అక్కడే. డెంగీని మోసే ఏడిస్ దోమ మురుగు కాల్వను వెతకదు. ఇళ్లలో, ఇళ్ల చుట్టూ నీడన కదలకుండా నిలిచిన నీళ్లు దానికి కావాలి. కాళ్ల మీద తెల్లని చారలుండే ఈ దోమ పగటిపూట, ముఖ్యంగా ఉదయం, సాయంత్రానికి ముందు కుడుతుంది. నీటిమట్టానికి కాస్త పైన, తడిసిన గోడకు అది గుడ్లు అంటిస్తుంది. నీళ్లు ఎండిపోయినా ఆ గుడ్లు నెలల తరబడి బతికి ఉండి, మళ్లీ నీళ్లు తాకగానే పిల్లలవుతాయి. వెచ్చని వాతావరణంలో వారం పది రోజులకల్లా రెక్కల దోమలు లేస్తాయి. కాబట్టి కూలరు తొట్టిని ఒంపేస్తే సరిపోదు, లోపలి అంచులను పీచుతో గట్టిగా తోమి ఆరబెట్టాలి. తడకలు తీసి పారేయాలి. నీటి కొరత భయంతో వేసవిలో నింపిపెట్టుకున్న డ్రమ్ములకు, తొట్టెలకు వారానికొకసారి ఇదే శుభ్రత కావాలి. దుకాణాల్లో కొన్న దోమల చుట్టలకు పెట్టే ఖర్చులో, శ్రద్ధలో కొంత ఈ తోమే పనికి మళ్లితే ఎన్నో జ్వరాలు రాకుండా పోతాయి. కళ్ల వెనుక నొప్పితో, ఒళ్లు విరిచే బాధతో జ్వరం వచ్చినప్పుడు పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వంటివి సొంతంగా వాడకూడదు. డెంగీలో అవి రక్తస్రావాన్ని పెంచగలవు.

తొలకరితో వచ్చేవి దోమలు మాత్రమే కాదు. వరిపొలాలకు దగ్గరి కాలనీల్లో రాత్రి దీపం చుట్టూ ముసిరే పురుగుల్లో, చీమంత సన్నగా, నలుపు నారింజ పట్టీలతో ఉండే ఒక చిన్న పెంకుపురుగు ఉంటుంది. అది కుట్టదు, కరవదు. మెడ మీద పాకుతుండగా చేత్తో నలిపితే దాని ఒంటిలోని విషరసం చర్మానికి అంటి, ఒకటి రెండు రోజుల్లో కాలిన గాయంలా ఎర్రని చార, బొబ్బలు తేలతాయి. దాన్ని నలపకుండా ఊదేసి, ఆ చోటును సబ్బుతో కడిగితే చాలు. పొలంలో పైరును తినే పురుగులను అది తింటుంది కనుక రైతుకు మిత్రుడే. అంతకన్నా భయపడవలసింది కట్లపాము. నేల మీద పడుకున్నవారిని రాత్రివేళ అది కాటేస్తుంది. నొప్పి, వాపు దాదాపు ఉండవు, తెల్లవారేసరికి కనురెప్పలు వాలి ఊపిరి అందకుండా పోతుంది. మంచం మీద, అంచులు పరుపు కిందికి చెక్కిన దోమతెరలో నిద్రపోవడం మలేరియా దోమను, కట్లపామును రెండింటినీ ఆపుతుంది. కాటు అనుమానం వస్తే మంత్రగాడి దగ్గర ఆలస్యం చేయకుండా విషవిరుగుడు ఉన్న ఆసుపత్రికి చేరాలి.

పట్టాల మీద నడిచేవారికి దోమతెర ఉండదు. వేసవి గస్తీ ముగిసిన కొద్ది వారాలకే వర్షాకాలపు గస్తీ మొదలవుతుంది. అది రాత్రి నడక. వరద గట్టును కోసిందా, వంతెన కింద నీరు ఎంత లేచింది అని చూసుకుంటూ, గడ్డి మోకాలెత్తు పెరిగిన పట్టాల పక్కన దీపంతో సాగే ఆ మనిషికి మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు, మసకబారని టార్చి, మార్గంలో దగ్గరి ఏ ఆసుపత్రిలో విషవిరుగుడు ఉందో ముందే తెలిసి ఉండటం, మే నెలలో నీళ్ల సీసా ఎంత అవసరమో అంతే అవసరం. ఈ మూడూ ప్రతి గ్యాంగుకూ వానలకు ముందే, రోహిణి కార్తెలోనే చేరాలి.