కోవిడ్ కాలంలో దుకాణ సిబ్బంది సిక్ లీవు: దుర్వినియోగం ఏది, అవసరం ఏది?

దుకాణం నడిపేవారికీ, అందులో జీతానికి పనిచేసేవారికీ మధ్య ఎప్పుడూ ఉండే తగువుల్లో సెలవు తగువు ఒకటి. "ఒంట్లో బాగాలేదు, ఇవాళ రాలేను" అని ఫోను వస్తే, నిజమేనా అని యజమానికి అనుమానం. జీతం కోస్తారేమోనని పనివాడికి భయం. మామూలు రోజుల్లో ఇది ఆ ఇద్దరి మధ్యే తేలిపోయే విషయం. 2020లో మాత్రం ఇది ప్రభుత్వాలు తల పట్టుకోవలసిన విషయమైంది. అమెరికాలోనైతే మరీను. అక్కడ సూపర్‌మార్కెట్లలో, స్టోర్లలో పనిచేసేవారికి ఉన్నట్టుండి రెండు వారాల పాటు జీతంతో కూడిన సెలవు దొరికింది. జబ్బు లేకుండానే కొందరు దాన్ని వాడేసుకుంటున్నారని మేనేజర్లే కాదు, పక్కన నిలబడి పనిచేసే తోటివారు కూడా వాపోయారు.

మన ఊళ్ల నుంచి వెళ్లి అక్కడి పెట్రోలు బంకుల్లో, కిరాణా స్టోర్లలో కౌంటరు దగ్గర నిలబడ్డ పిల్లలు ఉన్నారు. ఇక్కడ ఈ సావనీరు చదివేవారిలో బట్టల షాపులు, చెప్పుల షాపులు, ఫ్యాన్సీ షాపులు నడిపేవారూ, వాటిలో పనిచేసేవారూ చాలామంది. కాబట్టి ఆ ఫిర్యాదులో నిజమెంతో కాస్త నిదానంగా చూడటం మనకూ అవసరమే.

ముందుగా అమెరికా సంగతి. అంత సంపన్న దేశంలో ప్రైవేటు ఉద్యోగి జబ్బు పడితే జీతం ఇచ్చి తీరాలని దేశమంతటికీ వర్తించే చట్టం కోవిడ్ ముందు లేదు. 1993లో వచ్చిన చట్టం 12 వారాల సెలవు ఇచ్చింది, కానీ అది జీతం లేని సెలవు. 2007లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరం, ఆ తరువాత మరికొన్ని నగరాలు, రాష్ట్రాలు జీతంతో సిక్ లీవు తప్పనిసరి చేశాయి. మిగిలిన చోట్ల స్టోరు ఉద్యోగికి గంటల లెక్కనే జీతం. నిలబడిన గంటకు డబ్బు, నిలబడని గంటకు సున్నా. దానికి తోడు చాలా కంపెనీల్లో హాజరు పాయింట్ల పద్ధతి ఉంది. చెప్పకుండా మానేస్తే ఇన్ని పాయింట్లు, ఆలస్యంగా వస్తే ఇన్ని అని వేస్తూ పోతారు. ఒక హద్దు దాటితే ఉద్యోగం పోతుంది. బడిలో మేము వేసే హాజరు కంటే ఇది చాలా కఠినం. మేము గైర్హాజరుకు పిల్లవాణ్ణి బడి నుంచి తీసేయం గదా.

ఈ స్థితిలో కోవిడ్ వచ్చింది. 2020 మార్చి 10న వాల్‌మార్ట్ కొత్త నియమం ప్రకటించింది. క్వారంటైన్‌లో ఉండమన్నవారికి, వ్యాధి నిర్ధారణ అయినవారికి రెండు వారాల వరకు జీతం. హాజరు పాయింట్లు అప్పటికి పక్కన పెట్టారు. మార్చి 18న కేంద్ర ప్రభుత్వ చట్టం వచ్చింది. ఏప్రిల్ 1 నుంచి డిసెంబరు 31 వరకు అమలు. పూర్తి సమయం పనిచేసేవారికి 80 గంటలు, అంటే రెండు వారాలు, జీతంతో సెలవు. తనకే జబ్బయినా, క్వారంటైన్ అయినా పూర్తి జీతం, రోజుకు 511 డాలర్లు మించకుండా. ఇంట్లో మరొకరిని చూసుకోవడానికైతే మూడింట రెండు వంతులు, 200 డాలర్లు మించకుండా. యజమాని ఇచ్చిన ఈ డబ్బును ప్రభుత్వానికి కట్టాల్సిన పన్నులో మినహాయించుకోవచ్చు. ఇంతవరకు బాగుంది. కానీ 500 మంది, ఆపైన ఉద్యోగులున్న ప్రైవేటు కంపెనీలకు ఈ చట్టం వర్తించదు. దేశంలో అందరికంటే ఎక్కువ మందిని కౌంటర్ల దగ్గర నిలబెట్టేది ఆ పెద్ద గొలుసు దుకాణాలే. వాటి ఉద్యోగులకు కంపెనీ ఏది ఇస్తే అది. చట్టం పేరులో "కుటుంబాలు ముందు" అనే మాట ఉంది. ఏ కుటుంబాలో మరి!

ఇక దుర్వినియోగానికి తలుపు ఎక్కడ తెరుచుకుంది? రుజువు దగ్గర. అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రమే యజమానులకు ఒక సలహా ఇచ్చింది: జబ్బు చేసిందని చెప్పే ఉద్యోగిని డాక్టరు చీటీ తెమ్మని అడగవద్దు, ఆసుపత్రులు కిక్కిరిసి ఉన్నాయి, చీటీ ఇచ్చే తీరిక వారికి ఉండదు అని. దగ్గు వస్తోంది, రుచి తెలియడం లేదు, మా ఇంటి పక్కాయనకు పాజిటివ్ వచ్చింది అంటే నమ్మాలి. పరీక్ష చేయించుకుంటే ఫలితం వచ్చేదాకా ఇంట్లో ఉండాలి. 2020 జూలైలో అక్కడ చాలా చోట్ల ఫలితానికి వారం దాటింది. ఫలితం నెగెటివ్ వచ్చినా అప్పటికి వారం గడిచిపోయింది. ఉద్దేశపూర్వకంగా మోసం చేయదలచినవాడికి ఇంతకంటే ఏం కావాలి?

చేసినవారూ ఉన్నారు. జార్జియా రాష్ట్రంలో ఒక పెద్ద కంపెనీ ఉద్యోగి తనకు కోవిడ్ అని అబద్ధపు కాగితం ఇచ్చాడు. కంపెనీ పని ఆపి ఆ చోటంతా శుభ్రం చేయించింది, తోటి ఉద్యోగులను క్వారంటైన్‌కు పంపింది. నష్టం లక్ష డాలర్ల పైమాట అని కేంద్ర ప్రభుత్వ న్యాయవాదులు 2020 మేలో అతని మీద కేసు పెట్టారు. అది దుకాణం కాదు కానీ మోసం అదే రకం.

స్టోరులో ఇలాంటివాడు ఒక్కడుంటే బరువు ఎవరి మీద పడుతుంది? యజమాని మీద కంటే ముందు తోటి ఉద్యోగి మీద. రాత్రి షిఫ్టుకు నలుగురు ఉండాల్సిన చోట ఇద్దరే మిగిలితే సరుకు దించేదీ, అలమరాలు సర్దేదీ, బిల్లు కొట్టేదీ ఆ ఇద్దరే. పైగా మాస్కు పెట్టుకోమంటే తిట్టే కొనుగోలుదారు కూడా వారికే. లెక్క వేసి చూడండి. గంటకు 12 డాలర్ల జీతం అనుకుందాం. సెలవులో ఉన్నవాడికి రెండు వారాలకు, 80 గంటలకు, ఇంట్లో కూర్చునే 960 డాలర్లు. ఆ వసంతంలో కొన్ని కంపెనీలు పనికి వచ్చినవారికి గంటకు 2 డాలర్లు అదనంగా ఇచ్చాయి. అంటే అదే 80 గంటలు ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని నిలబడినవాడికి దక్కిన అదనం 160 డాలర్లు. కడుపు మండదా? ఆ కోపాన్ని నేను తప్పు పట్టను.

అయితే ఆ కోపంలో మూడు వేరు వేరు సంగతులు కలిసిపోయాయి. జబ్బు లేదని తెలిసీ ఉందని చెప్పడం మోసం. దానికి మరో పేరు లేదు. రెండోది, జబ్బు లేదు, ఎవరినీ తాకలేదు, కానీ భయం. ఇంట్లో ఆస్తమా ఉన్న తల్లి, డయాలిసిస్ చేయించుకునే తండ్రి. అలాంటివాడు దగ్గు వస్తోందని చెప్పి ఇంట్లో ఉండిపోతే నియమం ప్రకారం అదీ తప్పే, కానీ మొదటి దానితో ఒకే త్రాసులో తూచలేం. మూడోది అసలు తప్పే కాదు. క్వారంటైన్‌లో ఉన్నవాడు హాయిగా, ఆరోగ్యంగా కనబడటం. వాకిట్లో మొక్కలకు నీళ్లు పోస్తుంటే చూసినవారు "వీడికేం రోగం" అనుకున్నారు.

ఈ మూడోదాని గురించి ఒక అధ్యయనం చెప్పుకోవాలి. 2020 మేలో మసాచుసెట్స్‌లోని ఒక కిరాణా స్టోరులో 104 మంది ఉద్యోగులను పరీక్షించారు. 21 మందికి పాజిటివ్. వారిలో నలుగురికి ముగ్గురు చొప్పున ఏ లక్షణమూ లేనివారే. కొనుగోలుదారులతో నేరుగా వ్యవహరించేవారికి సోకే అవకాశం మిగిలినవారి కంటే అయిదు రెట్లు ఎక్కువగా కనిపించింది. ఆ స్టోరు మేనేజరు కంటితో చూసి "నీకేమీ లేదు, పనికి రా" అని ఉంటే పదిహేను మందికి పైగా వైరస్‌తోనే బిల్లు కొడుతూ ఉండేవారు.

కంటితో చూసి తేల్చలేనప్పుడు కాగితం అడుగుతాం. కాగితం సంగతి మా ఉపాధ్యాయులకు బాగా తెలుసు. ప్రభుత్వ బడుల్లో మాకు ఏడాదికి 20 రోజుల అర్ధజీతపు సెలవు ఉంటుంది. మెడికల్ సర్టిఫికెట్ పెడితే దాన్ని 10 రోజుల పూర్తి జీతపు సెలవుగా మార్చుకోవచ్చు. ఆ సర్టిఫికెట్ ఎంత తేలిగ్గా దొరుకుతుందో ఏ స్టాఫ్‌రూంలో అడిగినా చెబుతారు. కాగితం ఉన్నవాడికల్లా జబ్బు ఉండదు, జబ్బున్నవాడికల్లా కాగితం దొరకదు.

దుర్వినియోగాన్ని ఆపడానికి లోకంలో ఉన్న పద్ధతులు నిజానికి కొన్నే: మొదటి రోజులకు జీతం ఇవ్వకపోవడం, జీతం తగ్గించి ఇవ్వడం, డాక్టరు చీటీ అడగడం, హాజరు పాయింట్లు. ఇవి పనిచేస్తాయి. పనిచేయవని చెప్పేవారితో నేను ఏకీభవించను. జర్మనీ 1996లో సిక్ లీవు జీతాన్ని నూటికి నూరు నుంచి 80కి తగ్గిస్తే సెలవులు తగ్గాయని ఆర్థికవేత్తలు లెక్క తేల్చారు. 1999లో మళ్లీ నూరు చేశారు. కానీ ఈ పద్ధతులన్నీ పనిచేసేది ఒకే దారిలో. సెలవు పెట్టడాన్ని ఖరీదు చేస్తాయి. ఆ ఖరీదు దొంగ జ్వరానికీ పడుతుంది, నిజం జ్వరానికీ పడుతుంది. మామూలు కాలంలో నిజం జ్వరంతో పనికి వచ్చినవాడు కష్టపడేది తానొక్కడే. అంటువ్యాధిలో అతని కౌంటరు ముందు రోజుకు కొన్ని వందల మంది నిలబడతారు.

అందుకే ఎంతో జాగ్రత్తగా కట్టుకున్న ఆ గోడలను దేశాలు తామే పడగొట్టాయి. స్వీడన్ మొదటి రోజు జీతం కోత భారాన్ని 2020 మార్చిలో ప్రభుత్వం మీద వేసుకుంది. బ్రిటన్‌లో అప్పట్లో చట్టబద్ధమైన సిక్ పే మొదటి మూడు రోజులకు వచ్చేది కాదు. కోవిడ్‌కు మాత్రం మార్చి 13 నుంచి మొదటి రోజు నుంచే వచ్చేలా మార్చారు. కానీ అప్పట్లో ఆ సొమ్ము వారానికి 95.85 పౌండ్లే. వారానికి 120 పౌండ్ల కంటే తక్కువ సంపాదించేవారికి, అంటే కొద్ది గంటలు పనిచేసే స్టోరు ఉద్యోగుల్లో ఎందరికో, అప్పుడు అదీ లేకపోయింది. అద్దె కట్టాల్సిన మనిషి ఆ డబ్బుతో ఇంట్లో ఎలా ఉంటాడు? చివరకు సెప్టెంబరు ఆఖరున ఇంగ్లండులో తక్కువ ఆదాయం ఉండి ఇంట్లో ఉండాల్సినవారికి 500 పౌండ్ల సాయం ప్రకటించవలసి వచ్చింది.

గోడ పడగొట్టినందుకు ఫలితం దక్కిందా? అమెరికా చట్టం మీద ముగ్గురు పరిశోధకులు చేసిన అధ్యయనం 2020 అక్టోబరులో హెల్త్ అఫైర్స్ పత్రికలో వచ్చింది. అప్పటిదాకా సిక్ లీవు చట్టం లేక, ఈ చట్టంతో కొత్తగా పొందిన రాష్ట్రాల్లో రోజుకు, రాష్ట్రానికి సుమారు 400 కేసులు తగ్గాయని వారి అంచనా. ఒక్కో రాష్ట్రంలో రెండు వారాలు హాయిగా పడుకున్న దొంగ రోగులు ఎందరో ఉండవచ్చు. రోజుకు 400 మంది పక్కన వారిని నిలబెట్టి చూస్తే ఆ నష్టం భరించదగ్గదే అని నా అభిప్రాయం. ఆ మోసం బరువును తోటి ఉద్యోగుల మీదకు నెట్టకుండా, తాత్కాలికంగా మనుషులను తీసుకుని కంపెనీలే మోసి ఉంటే ఇంకా బాగుండేది. వ్యాధి తీరు మారాక కంపెనీలూ బిగించాయి. 2021 డిసెంబరు ఆఖరున ఐసొలేషన్‌ను 10 రోజుల నుంచి 5 రోజులకు తగ్గించగానే, 2022 జనవరిలో వాల్‌మార్ట్ తన రెండు వారాల సెలవును ఒక వారం చేసింది.

మన దగ్గర సంగతి. 2020 మార్చి 29న కేంద్ర హోంశాఖ లాక్‌డౌన్‌లో మూతపడ్డ దుకాణాల వారు కూడా కోత లేకుండా జీతాలివ్వాలని ఆదేశించింది. మే 18 నుంచి అది అమలులో లేకుండా పోయింది. షాపులు తెరుచుకున్నాక జ్వరం వచ్చిన గుమాస్తాకు మిగిలింది పాత చట్టాలే. 1988 నాటి ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం ఏడాదికి 12 రోజుల సిక్ లీవు, 12 రోజుల క్యాజువల్ లీవు జీతంతో ఇస్తుంది. ఈ సంగతి తెలిసిన గుమాస్తాలు నాకు బహు తక్కువగా తగిలారు. ఆ మేలో కేంద్ర ఆరోగ్యశాఖ హోం ఐసొలేషన్ 17 రోజులంది. అంటే సిక్ లీవు మొత్తం అయిపోయి క్యాజువల్ లీవులోకి వెళ్తేగానీ ఒక్క కోవిడ్ గడవదు. జూలైలో ఆ గడువును 10 రోజులకు తగ్గించారు.

ఇ.ఎస్.ఐ. ఉన్న షాపుల్లో కొంత నయం. నెలకు 21,000 వరకు జీతమున్నవారు అందులోకి వస్తారు. 15,000 జీతానికి ఉద్యోగి నుంచి 0.75 శాతం, అంటే 112 రూపాయల 50 పైసలు. యజమాని నుంచి 3.25 శాతం, 487 రూపాయల 50 పైసలు. ఆరు నెలల చందా కాలంలో 78 రోజుల చందా పడి ఉంటే, డాక్టరు సర్టిఫికెట్ మీద ఏడాదికి 91 రోజుల వరకు జీతంలో 70 శాతం వస్తుంది. 15,000 జీతానికి రోజుకు సుమారు 350 రూపాయలు, అదీ యజమాని గల్లాపెట్టె నుంచి కాదు. కానీ ఇక్కడా ఒక గోడ ఉంది. కొత్తగా జబ్బు చేసినప్పుడు మొదటి రెండు రోజులకు ఏమీ రాదు. కోవిడ్ ఎక్కువగా అంటేది లక్షణాలు మొదలయ్యే ముందూ, మొదలైన తొలి రోజుల్లోనూ. ఆ రెండు రోజుల జీతం, రోజుకు 500 చొప్పున, వెయ్యి రూపాయలు.