వుడ్ చిప్పర్ కొంటున్నారా? హెచ్‌పీ నంబర్ చూసి ఆగిపోకండి.. ముందు ఇవి చెక్ చేయండి!

ఇంట్లో ఎవరికి ఫోన్ కావాలన్నా ముందు మనల్నే అడుగుతారు. బడ్జెట్ చెబితే చాలు, ప్రాసెసర్, బ్యాటరీ, కెమెరా పోల్చి రెండు నిమిషాల్లో ఒక మోడల్ చెప్పేస్తాం. అదే ధైర్యంతో నేను ఓసారి వుడ్ చిప్పర్ కూడా సెలెక్ట్ చేశా. ఆ అనుభవమే ఈ ఆర్టికల్.

మా బాబాయికి నూజివీడు దగ్గర మామిడి తోట ఉంది. కాపు అయిపోయాక ఏటా కొమ్మలు కత్తిరిస్తారు. ఆ గుట్టలన్నీ ఇన్నాళ్లూ గట్టు మీద తగలబెట్టేవాళ్లు. కొమ్మలను నిమిషంలో ముక్కలు చేసే మెషీన్ వీడియో ఒకటి చూసి ఆయన నాకు ఫోన్ చేశాడు. "ఏరా, ఫోన్లన్నీ నిన్ను అడిగే కదా కొంటాం, ఇది కూడా నువ్వే చూడు" అన్నాడు. నేను స్పెక్స్ చూశా. 7 హెచ్‌పీ పెట్రోల్ ఇంజిన్, 4 అంగుళాల కొమ్మ వరకు. ఆ రేటుకి అంతకంటే పెద్ద నంబర్లు ఇంకెక్కడా కనిపించలేదు. ఓకే చెప్పేశా.

మొదటి రోజే 3 అంగుళాల పాత కొమ్మ పెడితే ఇంజిన్ ఆగిపోయింది. అది డబ్బు సమస్య, సర్దుకోవచ్చు. మూడో రోజు జరిగింది మాత్రం వేరే. తోటలో పనిచేసే పెద్దాయన ఇరుక్కున్న రెమ్మల్ని తోయడానికి వంగితే, భుజం మీది కండువా కొస ఒక రెమ్మకు చిక్కుకుంది. కండువా మొత్తం లోపలికి వెళ్లిపోయింది. అది మెడకు చుట్టుకుని కాకుండా ఊరికే భుజం మీద వేసుకుని ఉంది కాబట్టి ఆయన బతికిపోయాడు. "అయ్యో" అనడానికి కూడా మాకు టైమ్ లేదు.

ఆ రోజు నుంచి ఈ మెషీన్ గురించి సరిగ్గా చదవడం మొదలుపెట్టా. ఫోన్ సెలెక్షన్ తప్పయితే ఏడాది పాటు చిరాకు పడతాం. ఇక్కడ తప్పయితే పోయేది చెయ్యి. అందుకే ఏ నంబర్ నమ్మాలి, ఏది పక్కన పెట్టాలి అన్నది ఒక్కొక్కటిగా చూద్దాం.

హెచ్‌పీ: ఇది మెగాపిక్సెల్ లాంటిదే

50 మెగాపిక్సెల్స్ అనగానే ఫొటో బాగా వస్తుందని కాదు కదా, హెచ్‌పీ కూడా అంతే. హోండా జీఎక్స్200 ఇంజిన్‌నే తీసుకోండి. 196 సీసీ. ఒకప్పుడు దీన్ని 6.5 హెచ్‌పీ అనే అమ్మేవాళ్లు. నెట్ పవర్ లెక్కలోకి మారాక ఇప్పుడు 5.5 హెచ్‌పీ అని రాస్తున్నారు. కొలిచే పద్ధతి మారితే నంబర్ మారిపోయింది. కాబట్టి డబ్బా మీద 7 హెచ్‌పీ అని ఉంటే అది గ్రాసా, నెట్టా, ఎంత ఆర్‌పీఎం దగ్గర అని అడగండి.

ఇక కొమ్మ సైజు. 4 అంగుళాలకీ 6 అంగుళాలకీ తేడా రెండే అనిపిస్తుంది. కానీ బ్లేడ్ కోయాల్సింది కొమ్మ అడ్డుకోత వైశాల్యాన్ని. 4 స్క్వేర్ అంటే 16, 6 స్క్వేర్ అంటే 36. అంటే రెండుంపావు రెట్ల పని! పైగా డబ్బా మీద రాసే సైజు 'గరిష్ఠం'. పచ్చి, మెత్తని, తిన్నని కొమ్మ ఒక్కటి దూరితే చాలు, ఆ నంబర్ వేసేస్తారు. ఎండిన తుమ్మ, వంకర తిరిగిన ముసలి మామిడి కొమ్మ అలా దూరవు. రోజంతా మీరు వేసే కొమ్మలు ఆ నంబర్‌లో సగం, మహా అయితే మూడింట రెండొంతులు ఉండేలా మెషీన్ చూసుకోవడం మంచిది.

హాపర్ నోరు ఎంత వెడల్పుందో కూడా చూడండి. పంగలున్న కొమ్మ నోటి దగ్గరే ఇరుక్కుంటే, దాన్ని నరకడానికే సగం రోజు పోతుంది.

డిస్కా, డ్రమ్మా, అసలు ష్రెడరా?

మన దగ్గర 'చిప్పర్' పేరుతో అమ్మేవన్నీ చిప్పర్లు కావు. చిప్పర్‌లో పదునైన బ్లేడ్లు కొమ్మను చెక్కినట్టు కోస్తాయి. ష్రెడర్‌లో సుత్తుల్లాంటి ఇనుప ముక్కలు కొట్టి నలగ్గొడతాయి. ఆకులు, రెమ్మలు, పీచు ఉన్న కొబ్బరి మట్టలకు ష్రెడర్ బెటర్. మట్టలు చిప్పర్‌లో వేస్తే పీచు తిరిగే భాగాలకు చుట్టుకుంటుంది. గట్టి కొమ్మలకైతే చిప్పరే.

చిప్పర్లలో రెండు రకాలు. డిస్క్ టైప్‌లో బరువైన ఇనుప చక్రానికి బ్లేడ్లు బిగించి ఉంటాయి. ముక్కలు దాదాపు ఒకే సైజులో వస్తాయి. డ్రమ్ టైప్‌లో తిరిగే పీపాకి బ్లేడ్లు ఉంటాయి. గుబురు కొమ్మల్ని గబగబా మింగుతుంది, ముక్కలు మాత్రం కాస్త చిన్నాపెద్దా ఉంటాయి.

డిస్క్ బరువు ఎంత అన్నది చాలా ముఖ్యం. కొమ్మ తగలగానే పని చేసేది ఇంజిన్ ఒక్కటే కాదు, తిరిగే చక్రంలో దాచుకున్న శక్తి కూడా. స్పీడ్ 10 శాతం పడితే ఆ శక్తి 19 శాతం పోతుంది. అందుకే ఇంజిన్ ఫుల్ స్పీడ్‌కి వచ్చాకే కొమ్మ పెట్టాలి, శబ్దం తగ్గితే మళ్లీ పుంజుకునే దాకా ఆగాలి. మేం అలా ఆగకపోవడం వల్లే మొదటి రోజు ఇంజిన్ అన్నిసార్లు ఆగింది.

అసలు ఫీచర్: కొమ్మను లోపలికి ఎవరు తీసుకెళ్తారు?

చిన్న మెషీన్లలో మనం తోయాలి, బ్లేడే లాక్కోవాలి. పెద్దవాటిలో హైడ్రాలిక్ రోలర్లు ఉంటాయి. వీటిలో మంచి మోడళ్లకు లోడ్ సెన్సింగ్ ఉంటుంది. రోటర్ ఆర్‌పీఎం పడిపోతే రోలర్లు వాటంతట అవే ఆగి, కాస్త వెనక్కి తిరిగి, స్పీడ్ వచ్చాక మళ్లీ ముందుకు నడుస్తాయి. ఫోన్ వేడెక్కితే ప్రాసెసర్ తగ్గినట్టు అనుకోండి. తోట పనికి, చెట్లు కొట్టే పనికి ఈ ఫీచర్ ఉన్నది ఒక మెట్టు పైనే.

కానీ రోలర్లకు ఇంకో వైపు కూడా ఉంది. చెట్ల పనికి వాడే పెద్ద మెషీన్లలో అవి నిమిషానికి 30 మీటర్ల వరకు లాగుతాయి. అంటే సెకనుకి అర మీటరు. మీ మణికట్టు నుంచి భుజం దాకా కొలిచి చూడండి, సుమారు అంతే ఉంటుంది. వీడియో చూసేటప్పుడు మనకు స్లోగానే కనిపిస్తుంది. చెయ్యి చిక్కితే మాత్రం ఆలోచించడానికి ఒక్క సెకను కూడా మిగలదు.

అందుకే ఇలాంటి మెషీన్లలో హాపర్ చుట్టూ ఒక కంట్రోల్ బార్ ఉంటుంది. తగిలితే రోలర్లు ఆగాలి. కొనేటప్పుడు షోరూమ్‌లో ఆన్ చేయించి, ఆ బార్ నొక్కి చూడండి. రోజూ పని మొదలుపెట్టే ముందు కూడా ఇదే టెస్ట్. హాపర్ పొట్టిగా ఉన్నదైతే, చెయ్యి చాపితే బ్లేడ్ అందేదైతే ఎంత చవకైనా వద్దు. యూరప్‌లో ఈ మెషీన్ల భద్రతకు ఈఎన్ 13525 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం చేసిందా అని అడగడంలో తప్పులేదు.

ట్రాక్టర్ ఉంటే ఇంకో ఆప్షన్

ఇంట్లో ట్రాక్టర్ ఉంటే పీటీఓ చిప్పర్ ఆలోచించండి. విడిగా ఇంజిన్ మెయింటెనెన్స్ ఉండదు. 540 ఆర్‌పీఎం పీటీఓ మన ట్రాక్టర్లలో మామూలే. ఒక్క విషయం గమనించండి, పీటీఓ దగ్గర అందే పవర్ ఇంజిన్ హెచ్‌పీ కంటే తక్కువ. చిప్పర్‌కి కావాల్సింది పీటీఓ హెచ్‌పీనా, ఇంజిన్ హెచ్‌పీనా అన్నది స్పష్టంగా అడగండి. షాఫ్ట్ మీద ప్లాస్టిక్ గార్డు లేకుండా ఎప్పుడూ నడపొద్దు. తిరిగే షాఫ్ట్ కూడా కండువాని వదలదు. షాఫ్ట్‌కి షియర్ బోల్ట్ ఉంటే అది ఫ్యూజ్ లాంటిది. తెగినప్పుడల్లా విసుగొచ్చి ఇంకా గట్టి బోల్ట్ వేస్తే, ఈసారి గేర్ బాక్స్ పోతుంది.

మెయింటెనెన్స్: అంతా పదునులోనే ఉంది

చిప్పర్‌లో 'బ్యాటరీ హెల్త్' అంటే బ్లేడ్ పదునే. పదును పోయిందని తెలుసుకోవడానికి మీటర్ అక్కర్లేదు. బయటకి వచ్చే ముక్కలు చూడండి. అంచులు నీట్‌గా ఉంటే ఓకే. పీచు పీచుగా, పొడిగా వస్తున్నా, మెషీన్ ఎక్కువగా వణుకుతున్నా, కొమ్మను మీరే బలంగా తోయాల్సి వస్తున్నా పదును అయిపోయినట్టే. ఆ మూడోది ప్రమాదం కూడా. మొద్దు బ్లేడ్ లాక్కోదు కాబట్టి మనిషి దగ్గరికి వంగి తోస్తాడు. మా తోటలో ఆ పెద్దాయన వంగింది అందుకే. మట్టిలో ఈడ్చిన కొమ్మలు వేసి రెండు రోజుల్లోనే మేం బ్లేడ్లు మొద్దు చేసేశాం.

- మట్టి, మేకులు, తీగలు: ఇవే బ్లేడ్‌కి పెద్ద శత్రువులు. కొమ్మలు నేల మీద ఈడ్వకుండా మోసుకురండి. కంచె దగ్గరి చెట్లలో తీగ దిగబడి ఉందేమో చూడండి.
- సాన పట్టించడం: కోణం మార్చకూడదు. గ్రైండింగ్‌లో అంచు నీలం రంగుకు తిరిగితే అక్కడ ఉక్కు గట్టిదనం పోయినట్టే. అన్ని బ్లేడ్లూ ఒకేసారి, ఒకే కొలతకి పట్టించండి. తర్వాత కిచెన్ త్రాసు మీద తూచండి, బరువు తేడా ఉంటే డిస్క్ బ్యాలెన్స్ తప్పుతుంది. చాలా బ్లేడ్లకు రెండు వైపులా అంచు ఉంటుంది. ముందు తిప్పి వాడుకోండి.
- గ్యాప్: తిరిగే బ్లేడ్‌కి ఎదురుగా కదలని బ్లేడ్ ఒకటి ఉంటుంది, దాన్ని యాన్విల్ అంటారు. సాన పట్టాక బ్లేడ్ అరుగుతుంది కాబట్టి ఈ రెండింటి మధ్య ఖాళీ పెరుగుతుంది. మాన్యువల్‌లో రాసిన కొలతకి ఫీలర్ గేజ్‌తో మళ్లీ సెట్ చేయాలి.
- బోల్టులు: కంపెనీ చెప్పిన గ్రేడ్‌వే వేసి, టార్క్ రెంచ్‌తో బిగించండి. ఆ స్పీడ్‌లో ఊడిన బ్లేడ్ ఎటు వెళ్తుందో ఎవరూ చెప్పలేరు.
- ఇంజిన్: జీఎక్స్200నే ఉదాహరణగా తీసుకుంటే, మొదటి ఆయిల్ 20 గంటలకి, తర్వాత ప్రతి 100 గంటలకి లేదా 6 నెలలకి మార్చాలి. ఎయిర్ ఫిల్టర్ 50 గంటలకోసారి శుభ్రం చేయాలి. ఈ పనిలో దుమ్ము ఎక్కువ కాబట్టి అంతకంటే ముందే చేస్తే మంచిది.

గంటలు ఎలా తెలుస్తాయి అంటారా? స్పార్క్ ప్లగ్ వైరుకి చుట్టే చిన్న డిజిటల్ అవర్ మీటర్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ఆర్‌పీఎం కూడా చూపిస్తుంది. ఈ మొత్తం వ్యవహారంలో నాకు బాగా నచ్చిన గ్యాడ్జెట్ అదే!

మూత తెరిచే ముందు మాత్రం ఇంజిన్ ఆపి, తాళం జేబులో పెట్టుకుని, స్పార్క్ ప్లగ్ వైరు పీకేయండి. ఇంజిన్ ఆగినా చక్రం తిరుగుతూనే ఉంటుంది. పూర్తిగా ఆగాక, కదలకుండా లాక్ చేసి అప్పుడు చెయ్యి పెట్టండి.

నడిపేటప్పుడు

కండువా, చున్నీ, చేతికి తాళ్లు, వదులు చొక్కా వద్దు. చీర కొంగు బిగించి దోపుకోవాలి. మోచేతి దాకా వచ్చే వెడల్పు గ్లౌజులు కూడా వద్దు, అమెరికాలో చెట్ల పనివాళ్ల భద్రతా ప్రమాణం ఏఎన్‌ఎస్‌ఐ జెడ్133 కూడా ఇదే చెబుతుంది. కళ్లద్దాలు, చెవులకు మఫ్స్ తప్పనిసరి. కొమ్మ మొదలు వైపు ముందు పెట్టి, పక్కన నిలబడి, మెషీన్ పట్టుకోగానే వదిలేయండి. చిన్న ముక్కలను పొడవైన కొమ్మతోనో, కర్రతోనో తోయాలి. చేత్తో వద్దు, కాలితో అసలే వద్దు.

కొనాలా, అద్దెకి తీసుకోవాలా?

ఒక లెక్క వేద్దాం. మెషీన్ 1,20,000 రూపాయలు అనుకుందాం. అద్దె రోజుకి 4,000, సొంత మెషీన్‌కి రోజు ఖర్చు 1,000 అనుకుందాం. రోజుకి 3,000 మిగులు. అంటే 40 రోజులు నడిస్తేనే పెట్టుబడి వెనక్కి వస్తుంది. ఏడాదికి 5 రోజుల పనే ఉంటే 8 ఏళ్లు! మీ ఊరి రేట్లు వేసి చూసుకోండి. నలుగురు రైతులు కలిసి కొన్నా, ఊళ్లో అద్దెకి తిప్పినా లెక్క మారిపోతుంది. కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యాంత్రీకరణ పథకం స్మామ్ కింద సబ్సిడీ వస్తుందేమో మీ మండల వ్యవసాయ అధికారిని అడగండి.

ముక్కలు కూడా డబ్బే. చెట్టు చుట్టూ 5 నుంచి 10 సెంటీమీటర్ల మందాన పరిస్తే తేమ నిలుస్తుంది, కలుపు తగ్గుతుంది. కాండానికి తగలకుండా కాస్త దూరం వదలండి. పచ్చి ముక్కలు మట్టిలో కలిపేస్తే అవి కుళ్లేటప్పుడు నత్రజనిని లాక్కుంటాయి, అందుకే పైపైనే పరవాలి. కాండం తొలుచు పురుగు ఉన్న కొమ్మల్ని మాత్రం మల్చ్‌లో కలపొద్దు.

మా తీర్పు

రెమ్మలు, సన్న కొమ్మలకు చిన్న పెట్రోల్ మెషీన్ చాలు. ఏటా పెద్ద కత్తిరింపు ఉంటే రోలర్లు, కంట్రోల్ బార్ ఉన్న పీటీఓ మెషీన్ అద్దెకి తెచ్చుకోవడం మేలు. రోజూ ఇదే పని చేసేవాళ్లే సొంతంగా కొనాలి. బాబాయి ఇప్పుడు మొదటి రెండూ చేస్తున్నాడు. నేను సెలెక్ట్ చేసిన 7 హెచ్‌పీ మెషీన్ 2 అంగుళాల లోపు కొమ్మలకి బాగానే పనిచేస్తోంది. పని మొదలయ్యే ముందు అందరి కండువాలూ మామిడి కొమ్మకి తగిలించాల్సిందే. ఆ రూల్ పెట్టింది బాబాయి కాదు, ఆ పెద్దాయనే.