క్రీడాభిరామ పఠనము

హైదరాబాదు పాతనగరమున చార్మినారు క్రింద నిలిచి చూచువారికి నాలుగు దిక్కులకును నాలుగు వీథులు గనబడును. 1591లో వెలసిన యీ నగరమునకు ఆ కూడలియే నాభిస్థానము. పడమట లాడుబజారున గాజుల బేరము; ఉత్తరమున నాలుగు కమానుల నడుమ జనసమ్మర్దము. ఇచట నిద్దరు మిత్రులు తిరుగుచు, కనబడిన ప్రతివింతను నొకరికొకరు చెప్పుకొనుచు బోయినచో, వెనుక నడచువానికి వారి సంభాషణమే నాటకమగును. మన ప్రాచీన వాఙ్మయమున నిట్టి నాటకమొకటి గలదు. అది యోరుగంటి వీథులలో నడచు క్రీడాభిరామము.

వీథి యనునది దశరూపకములలో నొకటి. అంక మొక్కటియే, పాత్రలు మిక్కిలి తక్కువ. రంగమున లేనివానితో మాటలాడుచున్నట్లును, వాని ప్రత్యుత్తరమును విన్నట్లును నటించు ఆకాశభాషితము దీనికి ముఖ్యసాధనము. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామము ననుసరించి వినుకొండ వల్లభరాయడు దీనిని దెనిగించినట్లు గ్రంథమే చెప్పుచున్నది. ఆ మూలము నేటికిని లభింపలేదు. 1909లో నన్నెచోడుని కుమారసంభవమును వెలువరించిన మానవల్లి రామకృష్ణకవిగారే దీనిని గూడ లోకమునకు దెచ్చిరి. శ్రీనాథుడే కర్త యని వేటూరి ప్రభాకరశాస్త్రిగారు వాదించిరి.

నాటినుండి పండితుల దృష్టి విశేషముగా గర్తృత్వ వివాదముపై నిలిచినది. చరిత్రకారులు మఱియొక త్రోవ బట్టిరి. గోవింద మంచనశర్మయు, టిట్టిభసెట్టియు ఉదయము మొదలు రాత్రివఱకు నగరమున దిరిగి చూచినవి యెన్నియో: ఏకవీరాలయము, పలనాటి వీరుల కథ పాడు స్త్రీ, కోడిపందెము, పొట్టేళ్ల పోరు, పూటకూటియిల్లు, మాచల్దేవి చిత్రశాల. 1323లో నస్తమించిన కాకతీయ రాజ్యమున సామాన్యజను లెట్లు బ్రతికిరో తెలిసికొన నింతకన్న జక్కని యాధారము లరుదు. ఈ ప్రయోజనమును గాదనువారు లేరు.

కాని యొక ప్రమాదమున్నది. శాసనమునందు బలుకువాడు దాత. నాటకమునందు బలుకువాడు పాత్ర. మంచనశర్మ విలాసప్రియుడు, రసికుడు, మాటకారి. అతడొక స్త్రీనిగాని, యొక వృత్తినిగాని వర్ణించినచో నది యతని చూపు. ఊరివారందఱి యభిప్రాయము గాదు. ఆ పద్యమును విడదీసి సాంఘిక చరిత్రలో నుదాహరించినప్పుడు వక్త మాయమగును, హాస్యము సత్యమై కూర్చుండును. కావున "ఇది యెవరి మాట? ఎవరితో ననుచున్నాడు? ఎచట నిలిచి యనుచున్నాడు?" అను మూడు ప్రశ్నలు వేసికొనకుండ నాటకమును జదువరాదు. రసాస్వాదమునకు వలెనే చరిత్రపరిశోధనమునకును నివి యావశ్యకములు.

నాటకపఠనమునందలి యానందమును నీ ప్రశ్నలలోనిదే. కావ్యమునందు గవి మనకు సమస్తమును వర్ణించి చూపును. నాటకమునందు సగము పని పాఠకునిది. కోడిపందెపు ఘట్టమును బిగ్గరగా జదివి చూడుడు. పందెగాండ్ర కేకలు, మూగిన జనుల తొక్కిసలాట, మిత్రుల తల లటునిటు దిరుగుట మనమే కల్పించుకొనవలెను. ఆకాశభాషితమున వినబడని ప్రత్యుత్తరమును గూడ మనమే వినవలెను. నటులది దోరసముద్రమనియు, విటులది యోరుగల్లనియు, కవిది వినుకొండ యనియు బ్రస్తావన చెప్పుచున్నది. అనగా నటుల కంఠమును గవి మఱవలేదు. మఱచినవారము మనమే.

తిరువనంతపురమున గణపతిశాస్త్రిగారు భాసునివని నిర్ణయించి 1912 మొదలు ముద్రించిన రూపకములు క్రమముగా రంగస్థలమునకు జేరినవి. పునరుద్ధరణ మనగా దాళపత్రమునుండి కాగితమునకు దెచ్చుట మాత్రమే గాదు. కాగితమునుండి కంఠమునకు దెచ్చుటయు.

ఈ గ్రంథము శృంగారభూయిష్ఠ మను కారణమున బాఠశాలలకు దగదనుట కలదు. గ్రంథమంతయు దగదేమో, పూటకూటియింటి ఘట్టమునకు నా యాక్షేపణ యేమున్నది? పండితులు దానిని గైకొని, యొక విద్యార్థిని మంచనశర్మగను, వేఱొకని టిట్టిభసెట్టిగను నిలిపి చదివింతురు గాక. పిదప వారినే తమ యూరి వీథిలోనికి బంపి, చూచినదానిని సంభాషణముగా వ్రాసి తెండని చెప్పవలెను. చార్మినారు దాపుననున్న బాలునకు వీథి యను రూపకలక్షణము నప్పుడు కంఠస్థము చేయింప బనిలేదు.