కత్తికీ ఒక హక్కుంది

దివ్య ఖుర్‌ఆన్‌లోని 57వ సూరా పేరు 'అల్ హదీద్', అంటే ఇనుము. ఇనుములో భయంకరమైన శక్తీ ఉంది, మానవులకు ప్రయోజనాలూ ఉన్నాయని ఆ సూరా బోధ. నాగలి కర్రూ ఇనుమే, కత్తీ ఇనుమే. ఆ ఇనుము ఎవరి చేతిలో ఉంది, దేనికోసం లేచింది, ఎక్కడ ఆగింది అన్నదే అసలు ప్రశ్న.

నేడు ఈ ప్రశ్న వేసుకోవలసిన అవసరం ఎంతైనా ఉంది. ఆటోల వెనుక అద్దాల మీద, ఊరేగింపు జెండాల మీద కత్తి బొమ్మ కనిపిస్తోంది. ఒక మతం వారు వేస్తే మరొక మతం వారికి బెదిరింపుగా తోస్తోంది. బొమ్మ వేసిన కుర్రవాణ్ణి దాని కథ చెప్పమంటే నోరు మెదపడు. కథ తెలియని గుర్తు కన్నా ప్రమాదకరమైనది మరొకటి లేదని మేము తలుస్తాము.

కాణిపాకం చెప్పే మాట

మన చిత్తూరుకు పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న కాణిపాకం గాథ అందరికీ తెలిసిందే. గుడ్డి, మూగ, చెవిటి అయిన ముగ్గురు అన్నదమ్ములు నీటి కోసం బావిని లోతు చేస్తుండగా వారి చేతి ఇనుము రాతికి తగిలిందట, రాతి నుంచి నెత్తురు చిమ్మిందట. ఆ నెత్తురు తాకి వారి లోపాలు పోయాయని హిందూ సోదరుల విశ్వాసం. విశ్వాసాల విషయంలో ఎవరి దారి వారిది. ఆ గాథలో నెత్తురు చూసిన క్షణాన ఇనుము ఆగిపోయిన తీరును మాత్రం మేము ప్రత్యేకంగా గమనించాము.

ఆ ఊరి పక్కనే పారే బాహుదా నదికి మరొక కథ ఉంది. శంఖుడు, లిఖితుడు అనే అన్నదమ్ములలో తమ్ముడు ఆకలికి తాళలేక అన్న తోటలో పండు కోసుకుని తిన్నాడు. రాజు అతని చేతులు నరికించాడు. అతడు నదిలో మునగగా చేతులు తిరిగి వచ్చాయి. బాహువులను ఇచ్చినది కనుక బాహుదా అయింది. ఇది వింటుంటే మాకు హజ్రత్ ఉమర్ (రజి) పాలన గుర్తుకు వస్తుంది. హిజ్రీ 18లో అరేబియాలో ఘోరమైన కరువు వచ్చినప్పుడు ఆయన దొంగతనానికి చేయి నరికే శిక్షను నిలిపివేశారు. ఆకలితో ఉన్నవాడి మీద న్యాయఖడ్గం లేవరాదన్నది ఆ తీర్పులోని మర్మం.

తిరుపతి వైపు వెళితే ఇంకొక ముచ్చట వినిపిస్తుంది. శ్రీ వేంకటేశ్వరునిపై వేల సంకీర్తనలు రచించిన తాళ్లపాక అన్నమాచార్యులను (1408–1503) విష్ణువు ఖడ్గమైన నందకం అంశగా భక్తులు భావిస్తారు. ఖడ్గం భూమి మీదికి వచ్చి కవి అయిందన్నమాట. మన సీమ జనం కత్తిని ఎలా ఊహించుకున్నారో చెప్పడానికి ఇంతకన్నా అందమైన ఉదాహరణ ఏముంటుంది?

జుల్ఫిఖార్ రెండు నాలుకలు

ఇక మన ఇళ్లలోని పటాల సంగతి. రెండు మొనలు గల కత్తి బొమ్మ చూడగానే చిన్నపిల్లలు సైతం 'జుల్ఫిఖార్' అంటారు. హిజ్రీ 2 (క్రీ.శ. 624)లో జరిగిన బద్ర్ యుద్ధంలో లభించిన ఈ ఖడ్గం దైవప్రవక్త (స) చేతి నుంచి హజ్రత్ అలీ (రజి) చేతికి వచ్చిందని చరిత్రకారుల కథనం. అరబ్బీలో 'ఫఖార్' అంటే వెన్నుపూసలు. అలుగు మీద వెన్నుపూసల వంటి గాడులు ఉండటం చేత ఆ పేరు వచ్చిందని పండితులు వివరించారు. రెండు మొనల రూపం తరువాతి కాలపు చిత్రకారుల చేతి చలవ. ఉస్మానియా తుర్కుల పతాకాల మీదా, మొహర్రం అలాముల మీదా ఆ రూపమే స్థిరపడిపోయింది.

అయితే ఆ ఖడ్గం గొప్పతనం దాని మొనల్లో లేదు. మౌలానా రూమీ తన మస్నవీలో ఒక వృత్తాంతం చెప్పారు. యుద్ధంలో హజ్రత్ అలీ (రజి) ఒక శత్రువును పడగొట్టి కత్తి ఎత్తారు. వాడు ఆయన ముఖాన ఉమ్మాడు. ఆయన వెంటనే కత్తి దించేశారు. వాడు నివ్వెరపోయి కారణం అడిగాడు. అంతవరకు దైవం కోసం పోరాడాననీ, ఉమ్మిన తరువాత నరికితే అందులో తన కోపం కలుస్తుందనీ ఆయన సమాధానం. జుల్ఫిఖార్ బొమ్మ వేసుకునే ప్రతి యువకుడూ ఈ కథను కంఠస్థం చేయాలి.

హక్కు తీర్చగలవారెవరు?

హిజ్రీ 3 (క్రీ.శ. 625)లో ఉహద్ మైదానంలో దైవప్రవక్త (స) ఒక ఖడ్గాన్ని పైకెత్తి, దీన్ని ఎవరు తీసుకుంటారని అడిగారు. అనేక చేతులు చాచుకున్నాయి. దీని హక్కు తీర్చే షరతు మీద ఎవరు తీసుకుంటారని అడిగేసరికి అందరూ తటపటాయించారు. అబూ దుజానా (రజి) ముందుకు వచ్చి అందుకున్నారు. యుద్ధంలో ఆయన ఒక శత్రువు మీదికి కత్తి ఎత్తగా కేక వినిపించింది. చూస్తే స్త్రీ! ప్రవక్త ఖడ్గంతో ఒక స్త్రీని కొట్టడం ఆ ఖడ్గానికే అవమానమని తలచి ఆయన చేయి వెనక్కు తీసుకున్నారు. హక్కు తీర్చడమంటే ఇదే.

హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి)కు 'సైఫుల్లాహ్', అనగా దైవఖడ్గం అని బిరుదు. ముఅతా యుద్ధంలో (క్రీ.శ. 629) ఆయన చేతిలో తొమ్మిది కత్తులు విరిగాయి. అంతటి వీరుణ్ణి ఖలీఫా ఉమర్ (రజి) సేనాధిపత్యం నుంచి తొలగించారు. ఆయన తిరగబడలేదు. ఆజ్ఞ రాగానే ఒరలోకి వెళ్లగల ఖడ్గమే దైవఖడ్గం.

మన నేల ఉక్కు

అరబ్బులు మేలైన కత్తిని 'ముహన్నద్' అనేవారు. హింద్‌లో తయారైనది అని దాని అర్థం. కఅబ్ బిన్ జుహైర్ (రజి) తన ఖసీదాలో దైవప్రవక్త (స)ను ముహన్నద్‌తోనే పోల్చారు. మన తెలుగు నేలకూ ఈ కీర్తిలో వాటా ఉంది. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రంలో కరిగించిన ఉక్కును పారశీక వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారు. డమాస్కస్ కత్తులుగా లోకమంతా పొగిడిన అలుగులు ఇటువంటి దక్కన్ ఉక్కుతో చేసినవే. అరబ్బు కవి మెచ్చిన కత్తి వెనుక పేరు తెలియని హిందూస్థానీ కమ్మరి చెమట ఉంది. 'వారి కత్తి, మన కత్తి' అని గీత గీసేవారు ఈ మాట మరువరాదు.

ధర, విలువ

మన చిత్తూరు సమీపంలోని నరసింగరాయనిపేట దండులోనే 1782 డిసెంబర్ 7న నవాబ్ హైదర్ అలీ కన్నుమూశారు. ఆయన ఖడ్గం వారసత్వంగా టిప్పు సుల్తాన్‌కు వచ్చింది. 1799లో శ్రీరంగపట్నం పతనమైనప్పుడు టిప్పు శయనాగారంలో దొరికిన కత్తి ఒకటి 2023 మే నెలలో లండన్ వేలంలో కోటీ నలభై లక్షల పౌండ్లకు, అంటే మన లెక్కలో 140 కోట్ల రూపాయలకు పైగా పలికింది. కత్తి అమ్ముడుపోతుంది. పారిపోవడానికి ఒప్పుకోక కోటగుమ్మం వద్ద నేలకొరిగిన ధైర్యాన్ని మాత్రం ఏ వేలంలోనూ కొనలేము.

రాయలసీమ పల్లెల్లో మొహర్రం నెలలో పీర్ల చావిళ్ల ముందు హిందువులు, ముస్లింలు కలిసే నిలబడతారు. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్లాయిస్వామి పేరిట జరిగే వేడుక దీనికి పేరుపొందింది. ఈ ఆచారాల మీద ఉలమాల అభ్యంతరాలు మనకు తెలియనివి కావు. కాని ఆ పల్లె జనం తలచుకునేది కర్బలాలో క్రీ.శ. 680లో కత్తికి బలి అయిన ఇమామ్ హుసేన్ (రజి)ని. చంపినవాడి కత్తికి ఏ ఊరిలోనూ చావిడి లేదు.

జుమా ఖుత్బా సమయంలో ఖతీబు చేతిలో అసాను చూస్తుంటాము. కొన్ని దేశాలలో ఆ స్థానంలో ఖడ్గం పట్టే ఆచారం ఉంది. ఇస్తాంబుల్‌లోని అయా సోఫియాలో 2020 జులై 24న ఖతీబు ఖడ్గం పట్టుకునే మింబర్ ఎక్కారు. కర్ర అయినా కత్తి అయినా, పట్టుకున్నవాడు దాని మీద ఆనుకుని మాట్లాడతాడే గాని ఎవరి మీదికీ ఎత్తడు. వినవలసింది అతని మాటనే.

మన బిడ్డలు కత్తి బొమ్మ గీస్తే కసురుకోవద్దు. పక్కన కూర్చోబెట్టుకుని అబూ దుజానా కథ చెబుదాము. కాణిపాకం బావిలో ఆగిన ఇనుము కథ కూడా చెబుదాము. ఎత్తడం నేర్పే లోకంలో దించడం నేర్పే బాధ్యత తల్లిదండ్రులదీ, ఉపాధ్యాయులదీ. అల్లాహ్ మన చేతులకు నిగ్రహాన్నీ, నాలుకలకు సత్యాన్నీ ప్రసాదించుగాక. ఆమీన్.